మన జట్టు

‘మేము’ అన్నచో వినువాడు వెలుపల. ‘మనము’ అన్నచో వాడును లోపలనే. ఆంగ్లములో ఈ రెంటికిని ఒకే మాట. ఈ భేదము బోధించునపుడెల్ల నాకు చక్కని ఉదాహరణ దొరికేది కాదు. 2009 జూన్‌లో బడులు తెరచిన వారమున, హనుమకొండలో, తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి “మన జట్టు గెలిచింది సార్” అన్నాడు. ఆ వాక్యమునకు వానికి పూర్తి మార్కులు వేశాను.

ఆ జట్టు డెక్కన్ చార్జర్స్. మే 24 రాత్రి జోహన్నెస్‌బర్గులో బెంగళూరును 6 పరుగులతో ఓడించి ఐ.పి.ఎల్. కప్పు తెచ్చుకొన్నది. ముందటి ఏడు అట్టడుగున నిలిచిన జట్టు! గిల్‌క్రిస్ట్ తొలి ఓవరులోనే సున్నకు వెనుదిరిగితే నేను టి.వి. కట్టివేయబోయాను. ఇరుగుపొరుగు పిల్లలు కట్టనిచ్చారు కాదు.

దానిని 2008లో డెక్కన్ క్రానికల్ సంస్థ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నది. అప్పులు మీదపడి 2012 సెప్టెంబరులో వేలమునకు పెట్టింది. (‘వేలం’ పోర్చుగీసువారి సొత్తు, మనము మాత్రము దానికి ‘పాట’ను జతచేసి తెలుగు చేసుకొన్నాము.) వచ్చిన పాట ఒక్కటే: పి.వి.పి. వెంచర్స్ వారి 900 కోట్లు. సంస్థ కాదన్నది. మరునాడే క్రికెట్ బోర్డు ఒప్పందమును రద్దు చేసింది. వ్యవహారము బొంబాయి హైకోర్టుకు ఎక్కింది. అడిగిన 100 కోట్ల బ్యాంకు హామీ గడువులోగా సమకూడలేదు, జట్టు పోయింది. అక్టోబరు తిరుగక ముందే హైదరాబాదు పేర క్రొత్త జట్టు హక్కును సన్ టి.వి. ఏటా 85.05 కోట్లకు దక్కించుకొన్నది.

ఆ రోజులలోనే ఇంటర్ చదువుచున్న ఆ బాలుడు చౌరస్తాలో ఎదురుపడ్డాడు.

“మనల్ని అడగకుండ మన జట్టును ఎట్ల తీసేసిన్రు సార్?”

“కొన్నవారు కట్టలేకపోయారురా.”

“కొన్నది వాళ్ళైతే, ‘మన’ అన్నందుకు మీరు నాకు మార్కులెందుకు వేసిన్రు?”

వ్యాకరణము పక్షమున ఏమేమో చెప్పాను. వాడు మర్యాదకు విన్నాడు.

2020 జులైలో మధ్యవర్తి, విశ్రాంత న్యాయమూర్తి సి.కె. ఠక్కర్, ఆ రద్దు చెల్లదని, బోర్డు ఆ సంస్థకు 4,800 కోట్లకు పైగా చెల్లించవలెనని తీర్పిచ్చారు. ఆ సాయంత్రమే ఫోను.

“సార్, అందులో మన వంతు ఎంత?”

2021 జూన్‌లో బొంబాయి హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఈసారి నేనే ఫోను చేసి చెప్పాను.

“పోనీయుండ్రి. నా మార్కులన్న ఉంచుండ్రి సార్” అన్నాడు.