కుప్ప నుంచి గడికి

చిన్నపిల్లలకు గ్రాఫు నేర్పాలంటే కాగితం కంటే ముందు చేపలు కావాలి. మా కృష్ణపట్నం వైపు పడవ ఒడ్డుకు రాగానే ఆడవాళ్లు చేపల్ని ఏరి రకానికొక కుప్ప పోస్తారు. కానాగంతలు ఒక పక్క, కవళ్లు ఒక పక్క, రొయ్యలు వేరే తట్టలో. ఆ కుప్పల్ని చూసే కొనేవాళ్లు పాట పెంచుతారు. పాఠ్యపుస్తకాలు దత్తాంశ నిర్వహణ అని పేరు పెట్టిన పనిలో సగం అక్కడే అయిపోతుంది.

న్యూజెర్సీలో మా పాప రెండో తరగతి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కిండర్‌గార్టెన్ పిల్లలు వస్తువుల్ని రకాలుగా విడదీసి లెక్కపెడతారు. రెండో తరగతికి నాలుగు రకాల దాకా పటచిత్రం, కమ్మీ చిత్రం గీస్తారు. పద్ధతి మంచిదే. కాని పాప తెచ్చే వర్క్‌షీటులో ఎప్పుడూ ఐస్‌క్రీములే. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని రాస్తే పని ముగుస్తుంది. పిల్లలు అడగడానికి ఏమీ మిగలదు.

జులైలో ఊరెళ్లినప్పుడు పాప, పక్కింటి పిల్లవాడు కలిసి పెరట్లో చేపల్ని వరసల్లో పేర్చారు. వంజరాలు రెండు, కానాగంతలు ఆరు. వంజరాల వరసే పొడుగ్గా ఉంది. "అవే ఎక్కువ" అన్నారిద్దరూ. మా అమ్మ ముగ్గుపిండితో సమానంగా గళ్లు గీసి, "ఒక్కో చేపకు ఒక్కో గవ్వ పెట్టండమ్మా" అంది. అప్పుడు ఆరు ఆరుగా, రెండు రెండుగా కనిపించాయి. గళ్లన్నీ ఒకే కొలతలో ఉండాలి, వరసలన్నీ ఒకే గీత దగ్గర మొదలవాలి. కమ్మీ చిత్రానికి ప్రాణం ఈ రెండే. 1786లో విలియం ప్లేఫెయిర్ అచ్చువేసిన కమ్మీ చిత్రం స్కాట్లండ్ ఎగుమతి దిగుమతుల లెక్క. రేవు ఊరివాణ్ణి కాబట్టి ఆ సంగతి నాకు మరీ ఇష్టం.

మర్నాడు నెలల బొమ్మ మొదలుపెట్టారు. పిల్లవాడి నాన్నకు మోటారు పడవ ఉంది. ఏ నెలలో ఎన్ని వారాలు వేటకు వెళ్లాడో అడిగి, వారానికొక గడికి రంగు వేశారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. ఏప్రిల్‌కు రెండు గళ్లు, జూన్‌కు రెండు, మే నెలకు ఒక్కటీ లేదు. "ఏమీ లేదు కదా, మే తీసేద్దాం" అంది పాప. వాడు ఒప్పుకోలేదు. "తీసేస్తే మా నాయన ఇంట్లో ఉండింది ఎట్ట తెలస్తాది?" అన్నాడు. సున్నాకు కూడా చోటుండాలన్న ఆ పట్టుదల చూసి నాకెంత సంతోషమేసిందో!

ఆ ఖాళీ దగ్గరే ప్రశ్న పుట్టింది. నిషేధం ఎత్తేశాక చేపలు ఎక్కువ పడతాయా? ఒక నెల లెక్కతో తేలదని వాళ్లే అనుకున్నారు. ఇప్పుడు వాడు అక్కడ తట్టలు చూసి గణన చిహ్నాలు వేస్తున్నాడు, నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. ఆదివారం ఫోనులో చెబితే పాప ఇక్కడ గళ్లకు రంగు వేస్తుంది. పోయిన వారం కవళ్లే ఎక్కువట. కానాగంతలు ఎందుకు తగ్గాయో వాళ్ల నాయన్ని అడిగి చెబుతానన్నాడు.