మదనపల్లెలో ఉప్పునీటి మొరవ

కుప్పమునుండి పలమనేరు, పుంగనూరుల మీదుగా మదనపల్లెకు సాగు మార్గమున కనుచూపుమేర కానవచ్చునవి బండరాతి గుట్టలును, వాని పాదములందు పూర్వికులు కట్టిన చెరువులును, ఆ చెరువుల క్రింది టమోటా మళ్ళును, మామిడితోపులునే కాని నిండుగా పారు నది యొక్కటియు లేదు. సముద్రమట్టమునకు 2000 అడుగులకు పైబడిన ఈ మిట్టసీమలో నీరనునది వానగా కురిసి చెరువున నిలువవలెను, లేదా వందల అడుగుల లోతునుండి బోరు ద్వారా పైకి రావలెను. శ్రీశైలపు కృష్ణాజలములు హంద్రీ-నీవా కాలువ పట్టి, ఎత్తిపోతల మెట్లెక్కి ఇటు చేరుట ఇటీవలి ముచ్చట. చెన్నపట్నపు కడలి ఇక్కడికి 200 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. ఇట్టి చోట నొక గాజుపలకల దుకాణములో సముద్రపు చేపలు నాలుగేండ్లుగా కులాసాగా బ్రతుకుచున్నవనియు, వాని తొట్టి వెనుక అంచుకు ఓవర్‌ఫ్లో పెట్టె తగిలించి క్రింద సంపు అను మరియొక తొట్టి అమర్చు పని జరుగనున్నదనియు కుప్పమున అధ్యాపకుడుగా నున్న నా మిత్రుడు చెప్పగా, ఆయన వెంట నేనును బయలుదేరితిని. ఆయన ఇంటను అట్టి తొట్టియే యున్నది. తన చేపలకు అపాయము లేకుండ ఆ పని యెట్లు చేయవచ్చునో కన్నులార చూచి రావలెనని ఆయన కోరిక.

దుకాణము చిన్నది. ముందరి గదిలో కిటికీ అద్దములు, పటముల చట్రములు గోడకు చేరవేసియున్నవి. వెనుక రేకుల షెడ్డులో కంబళి పరచిన పొడవాటి బల్ల, దానిపై గాజు కోయు డైమండు, అంచులు నునుపు చేయు రాయి, సగము వాడిన సిలికాన్ గొట్టములు. యజమాని తండ్రి పుంగనూరునుండి వచ్చి దేవుని పటములు కట్టుటతో ఆరంభించిన వృత్తిని ఈయన చెన్నపట్నపు కొళత్తూరు చేపల సంతకు పోయివచ్చుచు నేర్చిన నేర్పుతో చేపల తొట్టెల వరకు పెంచెను. మాట తక్కువ, కొలత యెక్కువ అనదగిన మనిషి. మేము కూర్చున్న కొలది సేపటిలో ఆయన టేపు తీసి జేబున పెట్టుకొనుట నేను చూడనే లేదు.

ఆ తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు గలది. నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలు మూడు గల క్లౌన్ చేపల జంట అందు తిరుగుచుండెను. రెంటిలో పెద్దది ఆడది. ఈ జాతిలో ప్రతి చేపయు మొదట మగదై, గుంపులో ఆడది లేనప్పుడు పెద్దది ఆడదిగా మారునట. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు ఈ చేపలను తొట్లలోనే పొదిగించి పెంచు పద్ధతిని సాధించియుండుటచే, సముద్రమునుండి పట్టినవానినే కొనవలసిన అవసరము నేడు లేదు. అడుగున ఇసుక, ఇసుకపై బట్టీలో కాల్చి చేసిన చిల్లుల రాళ్ళు మాత్రమే యున్నవి. సజీవమగు పగడ మొక్కటియు లేదు. 2001లో పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి గనుక వానిని కడలినుండి పెరికి తెచ్చి అమ్ముట నేరము. ఆ విషయమున యజమాని నిష్కర్షగా నుండుట నాకు మిక్కిలి నచ్చినది.

కంటికి కనబడు చేపలకంటె కనబడని సూక్ష్మజీవులే ఇట్టి తొట్టికి ఆధారము. చేపల విసర్జనమునుండి పుట్టు అమోనియాను ఒక తెగ నైట్రైటుగను, మరియొక తెగ దానిని నైట్రేటుగను మార్చును. ఆ తెగలు రాళ్ళలోను ఇసుకలోను వేళ్ళూనుటకు వారములు పట్టును. కావున నాలుగేండ్ల తొట్టిని ఖాళీ చేసి, గాజుకు రంధ్రము పెట్టి, మరల నింపుట యనగా కట్టిన కాపురమును కూల్చి మొదలుపెట్టుటయే. నా మిత్రుడు మాత్రము ఆశ విడువక, “అన్నా, వెనక అద్దానికే రంధ్రం పెడితే పోలా?” అని యడిగెను. “ఖాళీ తొట్టి అయితే పెట్టొచ్చు సార్. నీళ్ళు, చేపలు ఉండంగా యాడ పెట్టేది? అదీగాక కాల్చి గట్టిపరచిన అద్దమైతే డ్రిల్లు తగిలిందంటే పొడిపొడి అయిపోతాది” అని ఆయన సమాధానము.

సంపు ఏల యన్న ప్రశ్నకు సమాధానము తొట్టి పైభాగముననే కనబడుచుండెను. నీటిపై సన్నని జిడ్డుపొర తేలుచుండ, హీటరు ఒక మూల, నురుగుతో మలినములను తీయు ప్రొటీన్ స్కిమ్మరు మరియొక మూల, వాని తీగలు వ్రేలాడుచు ఆ చక్కని దృశ్యమునకు అడ్డువచ్చుచుండెను. ఆ పరికరములు సంపులోనికి చేరవలసినవి. అంతకంటె ముఖ్యమైనది ఉప్పు నిష్పత్తి. నీరావిరియైనను ఉప్పు మిగులును గనుక లీటరునకు 35 గ్రాములుండవలసిన లవణము ఎండకాలమున దినదినము చిక్కబడుచు పోవును. సంపున్నచో పై తొట్టి మట్టము స్థిరముగ నుండి, ఆవిరియైన లోటు సంపు కడపటి గదిలో మాత్రమే తెలియును. అందు మంచినీరు పోసి సరిదిద్దవచ్చును.

ఓవర్‌ఫ్లో పెట్టె నిర్మాణమును నేను దగ్గరనుండి పరిశీలించితిని. అది ఒకే పెట్టె కాదు, రెండు. ఒకటి తొట్టి లోపల వ్రేలాడును. దాని పై అంచు దువ్వెన పండ్లవలె చీలియుండి నీటి పైపొరను మాత్రమే లోనికి రానిచ్చును. రెండవది తొట్టి వెలుపల, వెనుక ప్రక్కన నుండును. దాని నడుమ ఒక అడ్డుపలకయు, పలక కావల సంపులోనికి దిగు అంగుళపు పైపును గలవు. ఈ రెండు పెట్టెలను కలుపునది గాజు అంచు మీదుగా బోర్లించిన యూ ఆకారపు గొట్టము. గొట్టములోని గాలిని సన్నని నాళముతో పీల్చివేయగనే అది నీటితో నిండి, లోపలి మట్టము ఎత్తుగను వెలుపలి మట్టము తగ్గుగను ఉన్నంతసేపు నీటిని దాటించుచునే యుండును. “చెరువు నిండితే మొరవ పోతాది, కింది చెరువుకు చేరతాది, అదే సార్ ఇది. ఆ కింది చెరువులోంచి మళ్ళా పైకి తోడేది పంపు” అని యజమాని చెప్పిన మాటకంటె స్పష్టమైన వివరణ మరియొకటి యుండదు.

ఈ అమరికకు గాలిబుడగయే శత్రువు. నీరు మందముగ నడచినచో బుడగలు గొట్టపు నడినెత్తిన చేరి క్రమముగ ధారను తెంచివేయును. అప్పుడు క్రిందినుండి పంపు తోడుచునే యుండును, పైనుండి దిగు త్రోవ మాత్రము మూతబడును. అందుచేతనే ఆయన పెద్ద గొట్టము వేయక, పంపు ధారకు తగినట్టి గొట్టమునే ఎన్నుకొని, దాని నెత్తిన సన్ననాళము నొకదానిని బిగించి, తొట్టిలో నీటిని త్రిప్పు చిన్న పంపు పీల్పునకు దానిని కలిపెను. చేరిన బుడగ చేరినట్లే వెడలిపోవును.

ఇక కరెంటు సంగతి. ఈ సీమలో కరెంటు పోవుట వింత కాదు గనుక అసలు పరీక్ష యంతయు దానిచుట్టునే యున్నది. పంపు ఆగగనే తొట్టి నీరు దువ్వెన పండ్ల మట్టమునకు దిగి ఆగును; కాని సంపునుండి నీరెక్కించు పైపు తానే వెనుకకు పారుటకు మొదలిడి, తన నోరు మునిగియున్నంత వరకు తొట్టిని ఖాళీ చేయును. దీనిని నివారించుటకై ఆయన ఆ పైపునకు నీటిమట్టము క్రింద నాలుగు సెంటీమీటర్లలో చిన్న రంధ్రము పెట్టెను. నీరు అచ్చటికి దిగగనే గాలి చొరబడి పారుదల తెగును. ఒక సెంటీమీటరు నీరు 5.4 లీటర్లు, నాలుగు దిగిన 21.6 లీటర్లు. 90 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు గల సంపులో ఆ నీరు మట్టమును ఆరు సెంటీమీటర్లు పెంచును. సంపు ఎత్తు 40 కాగా నడచునప్పటి నీరు 22 మించకుండ గోడపై గీత గీసియుంచిరి. వెనుకకు పారకుండ నిలుపు వాల్వు నొకదానిని వేయరాదా యని నా మిత్రుడడుగగా, ఉప్పు పేరుకొని అది బిగిసిపోవుననియు, దానిని నమ్మి సంపును చిన్నది చేయుట తగదనియు ఆయన తోసివేసెను.

రెండవ లెక్క దీనికి విపర్యయము. గొట్టపు ధార తెగి పంపు మాత్రము తోడుచున్నచో ఎంత నీరు పైకి పోవును? పంపుండు గదిని చిన్నదిగా, 30కి 40గా కట్టిరి. పంపు నోటిపైన 15 సెంటీమీటర్ల నీరే యుండును గనుక అది తోడగలది 18 లీటర్లు. తొట్టిలో అది మూడున్నర సెంటీమీటర్లకు లోబడిన పెరుగుదల. అంచుకు ఐదు సెంటీమీటర్ల ఖాళీ యున్నది. అంగుళపు పైపు, తెల్లని సిలికాన్, పలకలు కోసిన ముక్కలు, ఇవన్నియు ఎవరైనను కొనవచ్చును. ఈ రెండు లెక్కలు వేయుటలోనే ఆ పనివాని విద్య యున్నది.

సంపునకు కావలసిన నీటిని ముందునాటి రాత్రియే సిద్ధము చేసియుంచిరి. ఇక్కడి బోరు నీరు లవణములు నిండిన చవుడునీరు, దానిని ఆర్.ఓ. యంత్రమున వడగట్టి, సుమారు 70 లీటర్లలో రెండున్నర కిలోల సముద్రలవణ మిశ్రమము కలిపి, రాత్రియంతయు చిన్న పంపుతో త్రిప్పి, తొట్టి నీటి వేడిమికే తెచ్చిరి. ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు లవణములతో కృత్రిమ సముద్రజలము చేయు విధమును 1854లోనే ప్రకటించెను. 1909లో చెన్నపట్నపు మెరీనా తీరమున నెలకొల్పిన మత్స్యప్రదర్శనశాలకు గాని, విశాఖ తీరపు మత్స్యదర్శినికి గాని కడలి వాకిటనే యుండెను. మదనపల్లెకు గాస్ చూపిన త్రోవయే శరణ్యము.

పంపు నడిపిరి. మొదట వెలుపలి పెట్టెలో నీరు గడగడ చప్పుడు చేయగా, దిగు పైపు మూతకు చిన్న చిల్లు పెట్టి గాలికి దారి యిచ్చిరి, చప్పుడు తగ్గినది. జిడ్డుపొర దువ్వెన పండ్లవైపు కదలి, చూచుచుండగనే విడిపోయి మాయమైనది. పిమ్మట స్విచ్చి ఆపిరి. సంపులో నీరు గీతను దాటి ఆరు సెంటీమీటర్లు పెరిగి నిలిచినది. మరల వేయగా ఎవ్వరును చేయి పెట్టకుండనే ధార సాగినది. ఆ పరీక్షను పలుమారులు చేసిరి. తుదకు గొట్టమునే ఊడదీసి పంపును నడువనిచ్చి, తొట్టి పొంగకుండుటయు చూపిరి. “కరెంటు పోయినా నీళ్ళు యాడికీ పోగూడదు సార్, వచ్చినా మనం చెయ్యి పెట్టే పని ఉండగూడదు. అట్లుంటేనే ఇంట్లో పెట్టాల” అని ఆయన అనగా, నా మిత్రుడు తన తొట్టి కొలతలు వ్రాసిన కాగితమును ఆయన చేతికిచ్చెను.

చేపలున్న తొట్టికి ఇట్టి పెట్టె తగిలింపదలచు పాఠకులకు నేను చెప్పదగినది ఇదియే: దుకాణదారుని పంపు బలమెంతయని అడుగుటకు ముందు, పంపు ఆగినప్పుడు ఎన్ని లీటర్లు దిగునో, గొట్టము తెగినప్పుడు ఎన్ని లీటర్లు ఎక్కునో అడుగుడు. ఆ రెండు ప్రశ్నలకును లెక్కతో జవాబు చెప్పి, మీ యెదుటనే స్విచ్చి ఆపి చూపువానికే పని యొప్పగింపుడు.