మా ఇంటికి పాత కారొచ్చింది

మొన్న సిరిసిల్ల పోయినప్పుడు మా పిన్ని మంచినీళ్ళు ఇవ్వకముందే అడిగింది, "కారు ఎవరు నడిపిండ్రే?" అని. "నేనే పిన్నీ" అన్నాను. నన్నొకసారి, కారునొకసారి చూసి, "కోరుట్ల నుంచా? గంత దూరం?" అంది. వెనక సీట్లోంచి దిగుతున్న మా అత్తమ్మ నవ్వి, "మంచిగనే నడుపుతది వదినా, నేను నిద్రపోయిన" అంది. అత్తమ్మ నోట నాకు వచ్చిన పెద్ద సర్టిఫికెట్ అదే!

ఆ కారు కథే ఈసారి చెప్తాను. కొత్తది కాదు, 2015 మోడల్. కానీ దాన్ని వెతకడానికి మాకు రెండు నెలలు పట్టింది.

మా మామయ్యకి కిందటేడు నుంచి డయాలసిస్ నడుస్తోంది. వారానికి మూడుసార్లు జగిత్యాల పోవాలి. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డయాలసిస్‌కి డబ్బులు పడవు. పోయిరావడమే ఖర్చు. మొదట్లో బస్సులో పోయాం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ, కాబట్టి నాకు టికెట్ లేదు, మామయ్యకే. పోయేటప్పుడు బాగానే ఉండేది. వచ్చేటప్పుడే కష్టం. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి లేచిన మనిషికి బీపీ పడిపోయి కాళ్ళు వణుకుతాయి. ఒకరోజు సీటు దొరక్క మెట్‌పల్లి బస్సులో రాడ్ పట్టుకుని నిలబడ్డారు. ఎవరో కాలేజీ పిల్ల లేచి సీటిచ్చింది. ఆ రోజు నుంచి కిరాయి కారు మాట్లాడుకున్నాం. వెయిటింగ్‌తో కలిపి ట్రిప్పుకి 1,200. నెలకి పదమూడు ట్రిప్పులు వేసుకోండి, 15,600 రూపాయలు. మా ఆయన దుబాయ్‌లో ఎండలో నిలబడి సంపాదించే దాంట్లోంచి ప్రతి నెలా అంత కిరాయికే పోతుంటే నాకు కడుపు తరుక్కుపోయేది.

నాకు లైసెన్స్ ఉంది. 2022లో నేర్చుకున్నాను. తర్వాత స్టీరింగ్ పట్టుకున్నది లేదు. లైసెన్స్ బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది.

"మనమే ఒక పాత కారు కొందాం, నేను నడుపుత" అని వీడియో కాల్‌లో చెప్తే మా ఆయన వద్దనలేదు. "కొంటే పెద్దదే కొందాం, నేనొచ్చినంక ఊర్ల తిరగొచ్చు" అన్నారు. మా మరిది "డీజిల్‌దే తీస్కో వదినా, మైలేజ్ వస్తది" అన్నాడు. పక్కింటామె "తెల్ల రంగు తీస్కోండ్రి" అంది. కారు నడపాల్సిన నన్ను తప్ప అందరినీ అందరూ అడిగారు.

ఆ రాత్రి క్యాలెండర్ వెనక పెన్నుతో రాసుకున్నాను. ఎవరు ఎక్కుతారు? మోకాళ్ళ నొప్పులున్న డెబ్బై ఏళ్ళ మనిషి. ఎవరు నడుపుతారు? రెండేళ్ళుగా స్టీరింగ్ పట్టని నేను. ఏ రోడ్డు? కోరుట్ల నుంచి జగిత్యాల, పాతిక కిలోమీటర్లు, నేషనల్ హైవే 63. నెలకి ఎన్ని కిలోమీటర్లు? పోనూ రానూ యాభై చొప్పున పదమూడు సార్లు, 650. ఎప్పుడైనా సిరిసిల్ల మా అమ్మ దగ్గరికి, కొండగట్టుకి. నెలకి ఏడెనిమిది వందల కిలోమీటర్లకి డీజిల్ ఎందుకు? పాత డీజిల్ బండిలో ఒక్క పెద్ద రిపేరు వస్తే మిగిలిన మైలేజ్ అంతా అందులోకే పోతుంది. మా వీధిలో పెద్ద బండి తిప్పుకోవడానికి జాగా కూడా లేదు.

డబ్బులు? నా చిట్టి మూడు లక్షలు. బండికి రెండు లక్షల అరవై వేలు దాటకూడదు, మిగతా నలభై చేతిలో ఉండాలి అని గీత గీసుకున్నాను.

ఇంకొకటి రాయలేదు. రాయడానికి సిగ్గనిపించింది. నడుపుతుంటే నాకు సంతోషంగా ఉండాలి. ఆసుపత్రికి పోయే బండిలో సంతోషం ఏంటని ఎవరైనా అంటారని ఆ మాట మనసులోనే పెట్టుకున్నాను.

మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. బండి చూసినందుకు ఐదొందలు తీసుకుంటాడు. ఆ ఐదొందలు దండగ అనుకోకండి. మొదటి బండి దగ్గరే అవి వసూలయ్యాయి.

అది మా దగ్గరి ఊళ్ళోనే. గల్ఫ్ నుంచి వచ్చినాయన కొన్నాడు, రెండు నెలలు తిరిగి మళ్ళీ పోయాడు. బండి షెడ్డులో ఉండిపోయింది. మీటర్ మీద 18 వేలే. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. నేనైతే అక్కడే అడ్వాన్స్ ఇచ్చేదాన్ని. మెకానిక్ బానెట్ ఎత్తి, "అక్కా, గిది సూడుండ్రి" అని వైర్లు చూపించాడు. ఎలుకలు కొరికేశాయి. టైరు పక్కన ఉన్న నాలుగంకెల నంబర్ చూపించాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరమట. 1217 అని ఉంటే 2017లో పన్నెండో వారం తయారైందని. అరగకపోయినా రబ్బరు పగుళ్ళు తేలింది. బ్యాటరీ సరే, చచ్చిపోయింది. ట్యాంకులో ఎన్నాళ్ళ పెట్రోలో. "తిరిగిన బండికి రిపేర్ ఏందో తెలుస్తది అక్కా. నిలవడ్డ బండికి తెల్వది" అన్నాడు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కదా, ఇలాంటి బండ్లు చాలా కనబడతాయి. తక్కువ కిలోమీటర్లని చూసి మోసపోకండి.

అప్పటి నుంచి చూసిన ప్రతి బండి దగ్గరా ఒక వరస పెట్టుకున్నాను. మీకూ పనికొస్తుందని చెప్తున్నా. పొద్దున్నే వెళ్ళాలి, ముందే స్టార్ట్ చేయొద్దని చెప్పాలి, వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే మనకోసం వేడి చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని అర్థం. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల మజ్జిగ లాంటి తెట్టు ఉండకూడదు. తలుపుల అంచు రబ్బరు కొంచెం లాగితే కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా కనబడాలి, లేకపోతే గుద్దుకున్న బండే. డిక్కీలో స్టెప్నీ తీసి కింద తుప్పు చూడాలి. మీటర్ తక్కువ చూపిస్తూ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటర్ని నమ్మొద్దు.

ఇంజన్ చప్పుడు వినడం మాత్రం నాకెవరూ నేర్పనక్కర్లేకపోయింది. మా నాన్న సిరిసిల్లలో సాంచెలు నడిపేవారు. అన్నం తింటూ కూడా "రెండో సాంచె ఆగేటట్టున్నది" అని లేచి వెళ్ళేవారు. ఆ చప్పుడులోనే పెరిగాను. ఒకచోట బండి స్టార్ట్ చేయగానే "ఇది మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది" అన్నాను. మెకానిక్ విని, "అవునక్కా, మిస్సింగ్ ఉంది" అని నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఆ రోజు మా నాన్న బాగా గుర్తొచ్చారు.

తర్వాత జగిత్యాలలో ఒక స్విఫ్ట్ చూశాం. ఏం చెప్పను! తిప్పితే తిరుగుతుంది, తొక్కితే దూకుతుంది. బైపాస్ మీద రెండు కిలోమీటర్లు నడిపేసరికి నా భయం సగం పోయింది. నాకు తెలియకుండానే నవ్వుతున్నానట, మరిది చెప్పాడు. ధర కూడా అటూ ఇటూగా కుదిరేలా ఉంది. మర్నాడు మామయ్యని తీసుకెళ్ళి కూర్చోబెట్టాం. కూర్చున్నారు. దిగలేకపోయారు. సీటు కిందికి ఉంది, మోకాళ్ళు పైకొచ్చాయి. తలుపు పట్టుకుని, నా భుజం పట్టుకుని మూడోసారికి లేచారు. డయాలసిస్ లేని రోజే అంత కష్టమైతే, అయిన రోజు?

నేనేం అనలేదు. దారిలో ఆయనే అన్నారు. "గదే తీస్కో బిడ్డా. నేను ఎట్లనన్న ఎక్కుత. నడిపేదానివి నువ్వు. నువ్వు నవ్వుకుంట నడిపితే నాకు భయముండదు." దాచుకున్నాననుకున్న మాట ఆయనకి ఎలా తెలిసిందో! ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆయన కోసం అని కొనే బండిలో ఆయన నా సంతోషం చూశారు. మరి నేను ఆయన మోకాళ్ళు చూడకపోతే ఎలా?

పొద్దున మెకానిక్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "వ్యాగన్ఆర్ సూడుండ్రి అక్కా. సీటు ఎత్తుంటది, కుర్చీల కూసున్నట్టే. ఆల్టో కె10ల ఉన్న ఇంజనే దీంట్ల. హుషారుగనే ఉంటది" అన్నాడు. బయటికి డబ్బాలా ఉంటుందని నేను అప్పటిదాకా దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

నాలుగు చూశాక జగిత్యాలలో ఒక రిటైర్డ్ టీచర్ గారి బండి కుదిరింది. 2015 మోడల్, పెట్రోల్, 61 వేల కిలోమీటర్లు, సర్వీస్ బిల్లులన్నీ ఫైల్‌లో వరసగా. మామయ్య వంగకుండా ఎక్కి కూర్చున్నారు, ఎవరినీ పట్టుకోకుండా దిగారు. స్టార్ట్ చేస్తే కొంచెం వణికింది, నాకు గుబులేసింది. మూడు సిలిండర్ల ఇంజన్ నిలబడి ఉన్నప్పుడు కొంచెం వణుకుతుందట, అది జబ్బు కాదు. చెవి పెట్టి విన్నాను, వణుకు ఉంది కానీ దెబ్బ తప్పలేదు. రోడ్డెక్కాక వణుకూ లేదు. ఎత్తు సీటు మీంచి రోడ్డంతా కనబడుతోంది. బండి తేలిక కాబట్టి మూడో గేర్‌లో ట్రాక్టర్ని దాటేస్తుంటే నాకు మళ్ళీ నవ్వొచ్చింది. 2,75,000 చెప్పారు, 2,50,000కి ఇచ్చారు.

ఇక కాగితాలు. ఇక్కడ మొహమాటపడకండి. బండి నంబర్ టీఎస్ 02, అంటే కరీంనగర్. 2016 అక్టోబర్‌లో జగిత్యాల జిల్లా అయ్యాకే టీఎస్ 21 వచ్చింది. అంతకుముందు కొన్న బండి కాబట్టి పాత నంబరే, తప్పేం లేదు. ఆర్‌సీ పదిహేనేళ్ళు ఉంటుంది, అంటే 2030 దాకా. తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్ళు పొడిగించుకోవాలి. పాత బండి కొనేటప్పుడు ఇంకెన్నేళ్ళు మిగిలిందో ముందు చూసుకోండి. చలాన్లు ఆన్‌లైన్‌లో చూశాం. బండి మీద లోన్ ఉంటే బ్యాంక్ నుంచి ఎన్ఓసీ, ఫారం 35 ఉండాలి. పేరు మార్పుకి ఫారం 29, 30. "మెల్లగ మార్చుకోండ్రి" అని ఎవరన్నా వినొద్దు, కొన్నవాళ్ళు 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ కూడా మన పేరు మీదికి మార్పించుకోవాలి. వెయ్యి సీసీ లోపు కార్లకి 2022 జూన్‌లో పెట్టిన థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 2,094 రూపాయలు, జీఎస్టీ వేరే. అమ్మినవాళ్ళ నో క్లెయిమ్ బోనస్ మనకి రాదు, అది వాళ్ళదే.

చేతిలో ఉంచుకున్న డబ్బులు వారంలోనే పనికొచ్చాయి. నాలుగు టైర్లు, బ్యాటరీ, ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు కలిపి 27 వేలు. ఉన్నదంతా బండికే పెట్టుంటే ఎవరి దగ్గర చెయ్యి చాపేదాన్నో! ఒక లోటు మాత్రం ఉంది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచే కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది, మా బండిలో లేదు. అందుకే అరవై దాటను, సీటు బెల్టు పెట్టుకోందే బండి కదలదు. మీ బడ్జెట్‌లో 2019 తర్వాతి బండి వస్తే అదే తీసుకోండి.

మొదటి పూజ కొండగట్టులో. 2018 సెప్టెంబర్ 11న ఆ ఘాట్ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. మా వైపు దాన్ని ఎవరూ మరచిపోలేదు. "దిగేటప్పుడు న్యూట్రల్ చేయొద్దక్కా, రెండో గేర్‌లనే ఉంచుండ్రి, ఇంజనే పట్టి ఆపుతది" అని మెకానిక్ పదిసార్లు చెప్పి పంపాడు. అలాగే దిగాను. కిందికొచ్చాక చూస్తే చేతులు చెమటతో తడిసిపోయాయి.

ఇప్పుడు ఒక ట్రిప్పుకి పెట్రోల్ మూడు వందలు. నెలకి నాలుగు వేలు. రిపేర్లకని నెలకి రెండు వేలు డబ్బాలో వేస్తున్నా. అయినా కిరాయి కన్నా తొమ్మిది వేల దాకా మిగులుతోంది. మా ఆయన మొన్న ఫోన్లో "చిన్నదే మంచిగైంది తియ్" అన్నారు. పెద్ద బండి ఊసు మళ్ళీ ఎత్తలేదు.

కిరాయి కారులో వచ్చేటప్పుడు మామయ్య కళ్ళు మూసుకుని, ఒక్క మాట లేకుండా వచ్చేవారు. ఇప్పుడు ముందు సీట్లో కూర్చుని, నీరసంగానే, చెయ్యి కొంచెం లేపి చెప్తారు. "ముంగట మక్కలు ఆరబోసిండ్రు, మెల్లగ." "గా లారీని దాటు బిడ్డా, దారి ఖాళీనే ఉంది." దాటుతాను. ఆయన అద్దంలోకి వంగి, వెనకబడ్డ లారీని చూసుకుంటారు.