ఇంటి కంప్యూటరునకు కావలి

ఇంటి కంప్యూటరునకు ఉచితముగా దొరకు యాంటీవైరసు చాలునా, లేక సొమ్మిచ్చి కొనవలెనా యని మమ్మడుగు తల్లిదండ్రులు నానాటికి హెచ్చుచున్నారు. పదవతరగతి ముగించిన బిడ్డలకు లాప్‌టాపులు కొను వేసవి దినములలో ఈ ప్రశ్న మఱింత తఱచుగా వినబడుచుండును. ట్రెయినింగు కాలేజీలో మాకు నేర్పినది పాఠము చెప్పు పద్ధతియే గాని కంప్యూటరు విద్య కాదు. అయినను గత వేసవిలో మా కుమార్తె కొఱకు ఒక లాప్‌టాపు కొనవలసి వచ్చినందున, ఈ విషయమును గూర్చి కొంత చదివి, తెలిసినవారిని విచారించి, యొక నిశ్చయమునకు వచ్చితిమి.

దుకాణములో యంత్రమును సంచిలో నమర్చుచు అచ్చటి యువకుడు, “మాష్టారూ, ఊరికే వచ్చేది ఊరికే పోతుందండి. ఏడాదికి వెయ్యి రూపాయలు చూసుకుంటే రేపు యాభై వేల వస్తువు పాడవుతుంది” అని హితవు చెప్పెను. వెయ్యి రూపాయలు మావంటి జీతగాండ్రకు లెక్కలోనికి రానివి కావు. అంతకంటెను మమ్ము ఆలోచింపజేసినది, ధర హెచ్చినకొలది రక్షణయు హెచ్చునను అతని నమ్మకము. బియ్యమునకు, బట్టకు ఆ లెక్క కొంతవఱకు సరిపోవును. దీనికిని సరిపోవునా యనునదే మేము తెలిసికొనగోరితిమి.

వైరసనగా తన నకళ్లను తానే చేసికొనుచు ఒక కంప్యూటరునుండి మఱియొకదానికి వ్యాపించు ప్రోగ్రాము. 1986వ సంవత్సరమున లాహోరు నగరములో ఇద్దఱు సోదరులు వ్రాసిన ‘బ్రెయిన్’ అనునది ఐ.బి.ఎం. తరహా పర్సనల్ కంప్యూటర్లకు పట్టిన మొదటి వైరసుగా చెప్పబడుచున్నది. అది ఫ్లాపీలవెంట దేశదేశములు తిరిగెను. నేటి దుష్ట ప్రోగ్రాములు అంతకంటె క్రూరమైనవి. ఫైళ్లకు తాళము వేసి సొమ్మడుగునవి కొన్ని, బ్యాంకు పాస్‌వర్డులను దొంగిలించునవి కొన్ని. యాంటీవైరసు వీనిని తెలిసిన దొంగల వేలిముద్రల పట్టికతో పోల్చి పట్టుకొనును. ఎఱుగని ప్రోగ్రామైనచో దాని నడతను చూచి అనుమానించును. ఆ పట్టిక దినదినము క్రొత్తది కాకున్నచో ఎంత వెలపెట్టి కొన్నదైనను దాని ప్రయోజనము క్షీణించును.

మైక్రోసాఫ్టువారు 2012లో విడుదల చేసిన విండోస్ 8 మొదలుకొని, డిఫెండర్ అను యాంటీవైరసును విండోసులోనే చేర్చి యిచ్చుచున్నారు. దానికి వేఱుగా వెల లేదు. జర్మనీ దేశమున మాగ్డెబుర్గు నగరములోని ఏవీ-టెస్ట్ అను సంస్థ ఇట్టివానిని పరీక్షించి, మా బడిలోవలెనే మార్కులు వేయుచుండును. రక్షణకు 6, వేగమునకు 6, వాడుకలోని సౌకర్యమునకు 6. తొలి సంవత్సరములలో డిఫెండరునకు రక్షణలో వచ్చిన మార్కులు, మా తరగతిలోనైనచో, తండ్రిని పిలిపింపదగినవి. ఇటీవలి సంవత్సరములలోనో, అది పలుమాఱులు 18కి 18 తెచ్చుకొన్నది. వెల యిచ్చి కొను పేరుపొందిన వానికిని అంతకంటె ఎక్కువ వచ్చుటకు వీలులేదు గదా!

ఉచితమైనవన్నియు నొక్కటి యని మాత్రము తలపరాదు. అవాస్ట్ అను చెక్ దేశపు సంస్థయొక్క ఉచిత యాంటీవైరసును కోట్లకొలది జనులు వాడిరి. వారు ఏ యే వెబ్‌సైట్లు చూచిరో ఆ వివరములను ఆ సంస్థ జంప్‌షాట్ అను తన అనుబంధ సంస్థద్వారా అమ్మినట్లు 2020లో బయటపడెను. జంప్‌షాటును మూసివేసిరి. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లింపుమని నిర్ణయించెను. కావలివాడే యింటి ముచ్చటలను అంగడిలో అమ్మినట్లయినది. కావున ఉచితముగా నిచ్చువాడు దేనివలన బ్రదుకుచున్నాడో మొదట విచారించుట మేలు.

2017 మే నెలలో వానాక్రై అనునది నూటయేబదికి పైగా దేశములలో కంప్యూటర్లకు తాళము వేసెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలోని కొన్ని కంప్యూటర్లును దానివాత పడెను. అది జొరబడిన రంధ్రమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టువారు మార్చిలోనే ఉచితముగా విడుదల చేసియుండిరి. “అప్‌డేట్” అని తెరమీద వచ్చినపుడెల్ల “తరువాత” అని నొక్కు అలవాటు మన యిండ్లలో ఎంత గలదో చదువరులకు చెప్ప నక్కఱలేదు. పాత కంప్యూటర్లు చౌకగా కొనువారు మఱియొకటి గమనింపవలెను: విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది.

ఇక మా మనస్సును నిజముగా మార్చిన సంగతి యిది. మా పూర్వవిద్యార్థి యొకడు ఇంటిలో సొమ్మిచ్చి కొన్న యాంటీవైరసే వాడుచుండెను, గడువును తీరలేదు. వెల లేకుండ దొరకు దొంగ ప్రతిగా ఒక వీడియో ప్రోగ్రామును దింపుకొనుచుండగా, “ముందు యాంటీవైరసును ఆపుము” అని అందు వ్రాసియుండెను. అతడు ఆపెను. మఱునాటి ఉదయమునకు ఫైళ్లన్నియు తాళము పడియుండెను. వానిలో గతించిన తల్లి ఫొటోలు కలవు. ఆమె జబ్బుపడిన సంవత్సరమున తీసినవి, వేఱెచ్చటను లేనివి. యాంటీవైరసు కంపెనీవారికి ఫోనుచేయగా మర్యాదగానే మాటాడిరట. నకలు లేనిచో తిరిగి తెచ్చుట తమవలన కాదనిరట. ఆ కుఱ్ఱవాడు మా యింటి వరండాలో కూర్చుండి, “నాన్నకు ఇంకా చెప్పలేదండి, మాష్టారూ” అనెను. మఱునాడు మేమును వెంటబోగా, తండ్రికి తానే చెప్పెను. ఆయన కేకలు వేయలేదు. ఫోనులో మిగిలియున్న రెండు ఫొటోలను మాకు చూపెను.

ఆ పిదప మా యింట డిఫెండరునే ఉంచితిమి. కంప్యూటరుతోపాటు నెలదినముల రుచికై వచ్చిన మఱియొక యాంటీవైరసును తీసివేసితిమి. సవరణలు వాటంతట అవే దిగునట్లు అమర్చితిమి. మా అమ్మాయి సాధారణపు ఖాతాతో పని చేసికొనును. క్రొత్త ప్రోగ్రాము పెట్టవలెనన్న మా పాస్‌వర్డు కావలెను. ఇది ఆమెకు నచ్చలేదు, వారమునకొక తగవు కలుగుచున్నది. చందా సొమ్మునకు మఱికొన్ని వేలు చేర్చి వేఱుగా ఒక హార్డు డిస్కు కొంటిమి. నెలకొక శనివారము ఫైళ్ల నకళ్లు దానిలోనికెత్తి, తీగ ఊడదీసి, బీరువాలో పెట్టుచున్నాము. తీగ తగిలించియే యుంచినచో దానికిని తాళము పడవచ్చును.

కొనినవానిలో విశేషములు లేకపోలేదు. పిల్లలు చూచువానికి హద్దులు పెట్టుట, ఇంటిల్లిపాది ఫోన్లకును వర్తించుట, చిక్కు వచ్చినపుడు ఫోనులో సహాయము మొదలగునవి కలవు. మొదటి సంవత్సరపు తగ్గింపు ధర మఱుసటి యేట ఉండకపోవచ్చును గనుక, కార్డునుండి సొమ్ము తనంతట పోవు ఏర్పాటునకు ఒప్పుకొనుటకు ముందు చూచుకొనవలెను. ఈ సంవత్సరము మమ్మడిగినవారిలో ఒక్కరికి మాత్రము కొనుడని చెప్పితిమి. ఆయన కిరాణా వ్యాపారి. ఇంటి కంప్యూటరులోనే అంగడి లెక్కలు నడచును, ముగ్గురు గుమాస్తాలు దానిమీద చేయి వేయుదురు, సరిచేయ తెలిసినవారు ఆ యింట లేరు. అట్టివారికి పిలిచిన పలుకు మనిషి యొకడు కావలెను. హార్డు డిస్కు సంగతి ఆయనకును చెప్పితిమి. వచ్చే నెల కొందునన్నారు.