చేసంచిలో కొలువు

పూర్వము దేశాటనము చేయవలెనన్న ధనమైన నుండవలెను, లేదా సన్న్యాసమైన పుచ్చుకొనవలెను. ఈ రెండును లేనివారికి ఇల్లు కదలుట కష్టము. ఇప్పుడు మూడవ మార్గ మొకటి యేర్పడినది. చదువుకొన్న పిల్లలు కొందరు చేసంచిలో నొక కంప్యూటరు పెట్టుకొని, అంతర్జాలము దొరకిన చోట కూర్చుండి కొలువు చేసికొనుచు, కొన్ని నెలల కొక దేశమున బస మార్చుచు దిరుగుచున్నారు. యజమాని యెక్కడనో, పని చేయువా రెక్కడనో, జీతము మాత్రము నెల తిరుగునప్పటికి బ్యాంకులో బడుచుండును. ఈ మాట మన రాయలసీమ యిండ్లలో గూడ వినవచ్చుచున్నది. కడపలోను కర్నూలులోను మే మెఱిగిన యిండ్లలో మగపిల్లవా డీమాట యన్నచో తండ్రి నవ్వి యూరకుండును. ఆడపిల్ల యన్నచో మూడుదినములు ఆ యింట పొయ్యి సరిగా రాజదు. కావున సోదరీమణులు విషయ మెఱిగి మాటాడుట మేలని తలంచి, మాకు తెలిసినంత వ్రాయుచున్నాము.

ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను మనలో పలువు రెఱుగుదురు. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషి. 1830 మే 18వ తేదీని బయలుదేరి, తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా కాశికి బోయి, 1831 సెప్టెంబరు 3వ తేదీని మరల ఇల్లు చేరెను. ప్రతి మజిలీలోను నీళ్ల వసతి యెట్టిది, అంగళ్లు గలవా, దారి యెట్టిది యని వ్రాసి, మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి జాబులుగా నంపుచుండెను. కొలువున సెలవు దొరకినది గనుక ఆయన పోగలిగెను. ఆ జాబులు డబ్బుకొఱకు వ్రాసినవి కావు. ఇప్పటి వారికి ఆ జాబులే కొలువైనవి.

యూట్యూబులో 'నా అన్వేషణ' యను పేర అన్వేష్, 'ఉమా తెలుగు ట్రావెలర్' అను పేర మఱియొకరు దేశదేశములు దిరిగి తెలుగువారికి జూపుచున్న సంగతి మధ్యాహ్నపు వేళ వంటయింట సెల్‌ఫోను చూచు మనకు దెలియనిది గాదు. ఆ చిత్రముల నడుమ వచ్చు ప్రకటనలే వారికి జీవనము. ఆ రాబడిలో నూటికి 55 పాళ్లు చిత్రము దీసిన వారికి వచ్చును. అయిన నది మొదటి దినముననే రాదు. వేయిమంది చందాదారులు చేరవలెను. పండ్రెండు నెలలలో, చూచినవారందఱి కాలమును గలిపి 4,000 గంటలు కావలెను. రాబడి పది డాలర్లయినప్పుడు, చిరునామా నిజమో కాదో తెలిసికొనుటకై ఆ కంపెనీవారు ఒక రహస్యపు అంకె వ్రాసిన జాబును తపాలలో ఇంటి కంపుదురు. నూఱు డాలర్లు నిండినగాని సొమ్ము చేతికి రాదు. ఆ జాబు సంగతి తెలిసినప్పుడు మాకు నవ్వు వచ్చినది. లోకమంతయు దిరుగువానికిని తపాలవాడు తలుపు తట్టుట కొక యిల్లును, ఆ జాబందుకొనుటకు ఇంట నొక యిల్లాలును ఉండవలసినదే గదా!

ఇందులో నొక చెడుగును గలదు. ప్రకటనల రాబడి చాలక, జూదపు ఆటలను పొగడి సొమ్ము గొన్నవారు కొందరున్నారు. 2025 మార్చిలో తెలంగాణ పోలీసులు అట్టివారిపై కేసులు పెట్టిరి. ఆ సంవత్సరము ఆగష్టులో పార్లమెంటు డబ్బు పందెపు అంతర్జాల క్రీడలను నిషేధించుచు చట్టము చేసినది. పిల్లలు 'వీరు చెప్పిరి' యని జూదమాడి గాజులమ్మిన యిండ్ల గోడు విన్న మనకు, ఏ యాత్రికుని చూడవలెనో, ఎవరిని చూడరాదో యెంచుకొను బాధ్యత గలదు.

చిత్రములు దీయువారు పేరు పడుదురు గాని, పేరు లేకుండ దిరుగువారే యెక్కువ. లెక్కలు వ్రాయువారు, అనువాదము చేయువారు, పాఠము చెప్పువారు, కంప్యూటరు పనులు చేయువారు వీరిలో గలరు. 2020 మార్చిలో మహమ్మారి వచ్చి ఆఫీసులు మూతబడగా, హైదరాబాదు బెంగుళూరులనుండి మన పిల్లలు ఊళ్లకు వచ్చి, సిగ్నలు కొఱకు మిద్దె లెక్కి, కరెంటు పోయినప్పుడు తలలు పట్టుకొని, వేపచెట్ల క్రింద కొలువులు చేసిరి. కొలువును మోసికొని పోవచ్చునని అప్పుడే తల్లిదండ్రులకు గన్నుల గట్టినది.

దేశములును దీనిని గుర్తించినవి. 2020లో ఎస్తోనియా, బార్బడోస్ దేశములు ఇట్టివారికి ప్రత్యేకముగా వీసా లిచ్చుట మొదలుపెట్టినవి. బార్బడోస్ వారు సంవత్సరమునకు 50,000 డాలర్ల రాబడి యుండవలెననిరి. స్పెయిను 2023లో నీ మార్గము దెఱచినది. థాయిలాండువారు 2024లో తెచ్చిన వీసాకు బ్యాంకులో అయిదులక్షల బాత్ నిలువ చూపవలెను. అది మన సొమ్ములో పదిలక్షలకు మించును. అట్లు చూపినచో ఒకమాఱు పోయి 180 దినము లుండవచ్చును. మామూలు సందర్శకుల వీసా యిట్టిది కాదు. ఐరోపాలోని షెంగెన్ దేశములలో 180 దినములలో 90 దినములకు మించి యుండరాదు. ఒకరి యింటికి చుట్టపుచూపుగా బోవుట వేఱు, ఆ యింట పొయ్యి పెట్టుట వేఱు. ఈ భేదము నెఱుగక పోయినవారు చిక్కులలో బడుదురు.

ఇల్లు విడిచి సంపాదించుట మన సీమకు క్రొత్తదా? కర్నూలు పడమటి ప్రక్క ఆదోని, కోసిగి, మంత్రాలయము వైపు గ్రామములలో పంట యొబ్బిడి కాని యేటికేడు కుటుంబములకు కుటుంబములే గుంటూరు సీమకు మిరపకాయలు కోయ బోవుట గలదు. దీనిని అచట సుగ్గికి బోవుట యందురు. ఇండ్లకు తాళములు పడును. ముసలివారు అరుగుల మీద మిగులుదురు. బిడ్డలు తల్లుల వెంట బోదురు. హాజరుపట్టీలో వరుసగా గైరుహాజరు గీతలు గీసి యింటికి వచ్చిన మా యింటివారి ముఖము చూచియే, సుగ్గి మొదలైనదని మేము గ్రహింతుము.

కడప సీమలోని రాయచోటి, రాజంపేట ప్రాంతముల స్త్రీలు కువైట్టుకు బోయి పరుల యిండ్లలో వండుచు, పరుల బిడ్డలను సాకుచు, తమ బిడ్డలను అమ్మమ్మల చేతులలో విడిచిన సంగతి చెప్పనక్కఱలేదు. ఆ కొలువున వీసా యజమానిని బట్టి యుండును. ఇష్టము లేదని వేఱొక యింటికి మాఱుట తన చేతిలో నుండదు. 30 ఏండ్లు నిండని స్త్రీలను ఇట్టి పనికి పంపరాదని మన ప్రభుత్వము నియమము చేసినది గాని, తప్పుడు దారిని బోయినవారి కన్నీళ్లు మన వీధులలో గలవు. వారు పోవునప్పుడు, ఆడుది గడప దాటవచ్చునా యని యే పెద్దయు నడ్డము రాలేదు. వారు పంపిన సొమ్ముతో మిద్దెలు లేచినవి, అప్పులు తీఱినవి, పెండ్లిండ్లు జరిగినవి. కష్టము వచ్చి దాటినప్పుడు తప్పుగాని గడప, కొలువు చేత బట్టుకొని యిష్టముతో దాటినప్పుడు తప్పగుట యెట్లో మాకు బోధపడలేదు.

అట్లని మేము కండ్లు మూసికొని పొమ్మనుట లేదు. తల్లులు అడుగవలసిన ప్రశ్నలు వేఱుగలవు. విదేశమునుండి పని చేసికొనుటకు కంపెనీవారు వ్రాతమూలముగా నొప్పుకొనిరా? పన్నుల చిక్కుల చేత పలువు రొప్పుకొనరు. మనదేశమున సంవత్సరమునకు 182 దినము లున్నవారి పన్ను లెక్క వేఱు, లేనివారి లెక్క వేఱు, అది తెలిసినదా? జబ్బు చేసిన చికిత్సకు భీమా యున్నదా? ఆఱునెలలు పని లేకున్నను తినుటకు నిలువ గలదా? బ్యాంకువారు రహస్యపు అంకెను ఇక్కడి ఫోను నంబరునకే యంపుదురు. ఆ నంబరును చెడనీయక యెవరు కాపాడుదురు? మన ఆఫీసు తొమ్మిదిగంటలకు తెఱచినచో చలికాలమున పోర్చుగలులో అప్పటికి తెల్లవాఱుజాము మూడున్నర. సముద్రతీరమున దీసిన ఛాయాచిత్రములో ఆ నిద్రలేమి కనబడదు. పెద్దల నెవరు చూతురని కూతు నడిగినచో, ఆ ప్రశ్ననే కొడుకును గూడ నడుగవలెను.

మా బంధువుల యింట నొక చిన్నది కలదు. వయస్సు 26. కడపలో ఇంట నుండియే పరదేశపు కంపెనీ యొకదానికి లెక్కలు వ్రాయుచు, నాలుగేండ్లుగా జీతమును కూడబెట్టినది. థాయిలాండులో నాఱునెలలుండి పని చేసికొందునని చెప్పగా, తండ్రి వలదనెను. ఆమె పినతల్లి కువైట్టులో తొమ్మిదేండ్లు వంట చేసి వచ్చినది. ఈ చిన్నదాని చదువునకు పడిన సొమ్ములో సగ మామెదే. మే మచట నుండగా ఆమె రొట్టెలు కాల్చుచునే బావగారితో ననినది: "నేను పొయ్యేటప్పుడు అడ్డంరాని గడప దీనికి యాడ అడ్డమొచ్చింది బావా? నా పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండె. దీని పాస్‌పోర్టు దీని సంచిలో ఉంటాది. జాబులొస్తే నేను తీసుకుంటా, ఫోను నా కాడ పెట్టి పొమ్మను."

ఆయన బదులు చెప్పలేదు. మఱునాడు ఇనుపపెట్టె తెఱచి, కూతురి పదవతరగతి పత్రమును దీసి, పాస్‌పోర్టు అర్జీకి కావలసి యుండునని బల్లమీద బెట్టి, పొలమునకు బోయెను. వీసా మాట యింకను తేలలేదు.