ముక్కా? నోరా?

"అన్నయ్యా, ఆయన ఏమంటున్నాడు?" చెల్లెలు నా చొక్కా చెయ్యి పట్టుకు గుంజింది.

దోహాలో సిద్రా ఆస్పత్రి. మర్నాడు నా మేనకోడలికి ఆపరేషన్. నాలుగు నెలల పిల్ల, గుండె గదుల మధ్య గోడకి చిల్లు. ఊళ్ళో అందరూ హైదరాబాదు తెచ్చెయ్యమన్నారు. ఈ ఆస్పత్రి 2018లో పూర్తిగా తెరిచారు, పసివాళ్ళ గుండె ఆపరేషన్లు ఇక్కడే చేస్తున్నారు కదా అని మేమే ధైర్యం చేశాం.

మత్తు డాక్టరు ఇంగ్లీషులో చెబుతుంటే తెలుగు చెయ్యడం నా పని. ఊపిరి గొట్టం నోట్లోంచి వెయ్యొచ్చు, ముక్కులోంచీ వెయ్యొచ్చు.

నోటిదారి సులువు, త్వరగా అయిపోతుంది. ముక్కుదారిలో గొట్టం నిలకడగా ఉంటుంది. ఇంత పిల్లకి శ్వాసనాళం పొడవు నాలుగైదు సెంటీమీటర్లే. గడ్డం వంచితే గొట్టం లోపలికి దిగుతుంది, తలెత్తితే పైకొస్తుంది. పైగా ఆపరేషన్లో గుండెని చూసే అల్ట్రాసౌండ్ గొట్టం కూడా నోట్లోంచే దిగాలి. కానీ ముక్కులోంచి రక్తం రావచ్చు. గుండె పని చేసే మిషను కోసం రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కనక అది చిన్న విషయం కాదు. ఎక్కువ రోజులుంటే ముక్కు అంచు ఒరుసుకుని పుండూ పడొచ్చు.

రెండు సాఫ్ట్‌వేర్లలో ఏది మేలో చెప్పి డబ్బు తీసుకునేవాణ్ణి నేను. మనసులోనే పట్టిక గీసేశాను. "మొత్తమ్మీద ఏది బెస్టు?" అనడిగాను.

"ఏ పిల్లకి?" అన్నాడాయన.

"లేచాక పాలు తాగుతుందా, అడుగు అన్నయ్యా," అంది చెల్లెలు. ఇదేం ప్రశ్న అనుకుంటూనే అడిగాను. ఆయన ఫైలు మూసి చెల్లెలి వైపు తిరిగి కూర్చున్నాడు. మా వాళ్ళమూ దీనిమీదే వాదించుకుంటాం అన్నాడు. నోరు ఖాళీగా ఉంటే పిల్లలు చప్పరించడం మర్చిపోరని, గొట్టం తీశాక పాలు తొందరగా అలవాటవుతాయని కొందరి నమ్మకం, అందరూ ఒప్పుకోరు. పాప ముక్కు చూసి రేపు బల్ల మీదే తేలుస్తానన్నాడు.

నా పట్టికలో పాల వరస లేనే లేదు.

మర్నాడు సాయంత్రం ఐసీయూలోకి పంపారు. గొట్టం ముక్కులో ఉంది. కళ్ళు తెరవలేదు గానీ పాప పెదాలు కదులుతున్నాయి, నిద్రలోనే చప్పరిస్తోంది. చెల్లెలు మరోసారి చేతులు కడుక్కొచ్చి, వేలి కొస ఆ పెదవికి తాకించింది.

ఈసారి నన్ను దేనికీ అర్థం అడగలేదు.