ఎముక దట్టమైతే బలమేనా?

కీళ్ల నొప్పుల గురించి మాట్లాడుకోవడానికి మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వైపు వాళ్లకి వేరే సందర్భం అక్కర్లేదు కదండీ! పెళ్లిలో కలిసినా, బస్సులో పక్కపక్కన కూర్చున్నా ముందు నడుము సంగతి, తర్వాతే పిల్లల చదువులు. ఇప్పుడా కబుర్లలోకి పెప్టైడ్లు కూడా దిగాయి. అమెరికాలో ఉన్న అబ్బాయి కొలాజెన్ పొడి డబ్బా పంపిస్తాడు. పక్కింటాయన ఫోన్‌లో ఏదో ఇంజెక్షన్ వీడియో చూపిస్తాడు. వీటిలో ఏది మేలంటారా? చెబుతాను గానీ, ముందు మీరు ఏ నీళ్లు తాగి పెరిగారో చెప్పండి.

అడగడానికి కారణం ఉంది. నెల్లూరు జిల్లా పల్లెల్లో వంగని నడుములకీ, తిరగని మెడలకీ తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లోనే రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. ఒంగోలు కేంద్రంగా 1970లో కొత్త జిల్లా వచ్చినప్పుడు కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వాటితో కలిశాయి.

ఫ్లోరైడు ఎముకను కరిగించదు, దట్టం చేస్తుంది. చిక్కంతా అక్కడే. మార్కాపురం పలక ఎంత గట్టిదైనా చెయ్యిజారితే రెండు ముక్కలే కదా, ఈ ఎముకా అంతే. ఇంకో విచిత్రం వినండి. మనల్ని కుంగదీసిన ఈ ఫ్లోరైడునే అమెరికాలో ఎముకలు గుల్లబారినవాళ్లకి మందుగా ఇచ్చి చూశారు. మేయో క్లినిక్ వాళ్లు 1990లో ప్రకటించిన ఫలితాల్లో, రోజుకి 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు నాలుగేళ్లు తీసుకున్న ఆడవాళ్లకి వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. చేతులు, కాళ్లు, తుంటి ఎముకలు విరగడమూ పెరిగింది!

ఇక పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు. వీటిలో పెద్దమనిషి టెరిపారటైడ్. పారాథైరాయిడ్ హార్మోన్‌లోని 84 అమైనో ఆమ్లాల్లో మొదటి 34 మాత్రమే ఇందులో ఉంటాయి. అదే హార్మోన్ ఒంట్లో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముకను తినేస్తుంది, ఈ ముక్కను రోజుకోసారి 20 మైక్రోగ్రాములు పొడిస్తే ఎముకను కడుతుంది. 2001లో వచ్చిన పెద్ద అధ్యయనంలో వెన్నుపూసలు విరగడం 65 శాతం తగ్గింది. మామూలుగా రెండేళ్లు వాడి, ఆపాక ఇంకో మందు మొదలుపెట్టాలి, లేకపోతే కట్టినదంతా కరిగిపోతుంది. అబలోపారటైడ్ దీనికి తమ్ముడి వరస. సాల్మన్ చేప కాల్సిటోనిన్ ఒకప్పుడు గొప్ప పేరున్నదే. ఎక్కువకాలం వాడితే క్యాన్సర్ ముప్పు కాస్త పెరుగుతోందని, ఎముకల గుల్లతనానికి దాన్ని వాడొద్దని యూరప్ మందుల సంస్థ 2012లో చెప్పింది.

పొడి డబ్బా సంగతా? కొలాజెన్ తాగితే కడుపులో చాలావరకు అరిగిపోతుంది. చిన్న చిన్న పరీక్షల్లో మోకాలి నొప్పి కాస్త తగ్గిందన్నారు, అంతకుమించి ఆశపడకండి. ఆన్‌లైన్‌లో అమ్మే బీపీసీ-157 అనే పెప్టైడ్ జోలికి మాత్రం అసలు పోవద్దు. దానికి మనుషుల మీద సరైన పరీక్షలే జరగలేదు.

టెరిపారటైడ్ నిజమైన మందే, కానీ గుల్లబారిన ఎముకకి. ఫ్లోరైడుతో ఇప్పటికే దట్టమైపోయిన ఎముకను ఇంకా కట్టించి ఏం లాభం? పైగా, కారణం తెలియకుండా రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరిగి ఉన్నవాళ్లకి ఈ ఇంజెక్షన్ ఇవ్వకూడదు. ఫ్లోరైడు తెచ్చే ఫ్లోరోసిస్ జబ్బులో అది తరచూ పెరిగే ఉంటుంది. సాంద్రత పరీక్షలో అంకె బాగుందని మురిసిపోవడమూ మన వైపు వాళ్లకి పనికిరాదు.

కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్తే చిన్నప్పటి ఊరి పేరు, బోరు సంగతి మీరే చెప్పండి. ముంజేతికి, నడుముకి ఎక్స్‌రే తీయిద్దామా అని అడగండి. ఇంట్లో తాగే నీళ్లను ఒక సీసాలో పట్టి పరీక్షకి పంపండి. ఫ్లోరైడు లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు మానేయండి. కాచి తాగితే సరిపోతుందనుకోకండి, కాచినా ఫ్లోరైడు పోదు.